వట్టి చేతుల దొరగారు

హలో… కలెక్టరు కచేరీయాండి? ఆ, నేనేనండి. యేసుపాదాన్ని. అరకు బంగళా రైటర్ని.

చిత్తం… చిత్తం… గట్టిగా అక్కర్లేదండి, బాగానే వినబడతంది.

అవునండి, నిజవే. పట్నం దగ్గర లంగరేసిన యుద్ధపు ఓడ కేప్టెను దొరగారే. నిన్న సాయంత్రం.

పితూరీ కాదండి… కాదండి బాబూ, మన్యం తిరుగుబాటు అయిపోయి ఏడాదైంది. ఇది పేడ నీళ్ళండి.

పేడ… ఆ, ఆవు పేడే.

తలమీంచేనండి.

…

ఉన్నారా?

ఎందుకంటే, చైత్ర పండగండి. ఈ రోజుల్లో మొగోళ్ళు వేటకెళ్తారు. వట్టి చేతుల్తో ఊళ్ళోకొస్తే ఆడోళ్ళు పేడ నీళ్ళు పోస్తారు. ఎప్పట్నించో ఉన్నదే. దొరగారు పొద్దున్న తుపాకీ పట్టుకెళ్ళారు. సాయంత్రం తుపాకీయే పట్టుకొచ్చారు.

నేనేటి చెప్పాలండి? ఊరిపెద్దలతో సమానంగా మర్యాద చెయ్యమని తమరే కాయితం రాసారు. నేను చదివి వినిపించాను. ఊరిపెద్ద సోంబరు మీదా రెండు కడవలు పడ్డాయండి. ఆయనా వేటలో ఏమీ కొట్టలేదు.

ఎవరు పోసారా?… చాలామందేనండి… మసక మసగ్గా ఉంది… పేర్లంటే…

మొదటి కడవా?

మా ఇంటిదే పోసిందండి. సవరమ్మ.

క్రిస్టియన్లమేనండి. పండగ ఊరోళ్ళదే. పేడ మా ఆవుది.

అరెస్టా?… అయ్యా, నా ఉద్యోగం తీసెయ్యండి. రేపే తాళాలు అప్పజెప్పెస్తాను. దాన్ని మాత్రం టేసనుకి లాగకండి. దానికి ఏటైనా అయితే నేను బతకలేనండి. నిజం చెప్తన్నాను.

దొరగారా? కోపం రాలేదండి. కళ్ళలో పేడ తుడుచుకుని నవ్వేసారు.

వాళ్ళ ఓడలోనూ ఉందటండి ఇలాంటిది. భూమికి నడిమిన గీత ఒకటి ఉందట. కనబడదట. ఓడ ఆ గీత దాటినప్పుడు, కొత్తోళ్ళని కూకోబెట్టి, మొహానికి జిగురు రాసి, చెక్క కత్తితో గెడ్డం గీసి, తొట్టిలో ముంచేత్తారట. కుర్రప్పుడు ఈయన్నీ ముంచారట.

అబద్ధం చెప్పడానికి నేనెప్పుడు ఓడెక్కానండి?

ముంచాక కాయితం ఇస్తారట, మళ్ళీ ముంచకుండా. ఇక్కడా ఒకటి రాసిమ్మన్నారు. వెదురు పర్మిట్టు వెనకాల రాసిచ్చాను. ‘ఈ దొరగారికి పేడ నీళ్ళు పోయడమైనది, మరల పోయరాదు’ అని. సోంబరు ఒప్పుకోలేదండి. వచ్చే ఏడు వట్టి చేతుల్తో వస్తే మళ్ళీ పోస్తావన్నాడు. ‘ఈ ఏటికి’ అని కలిపితే వేలిముద్ర వేసాడు.

ఓడ ఎల్లుండి కదండీ బయల్దేరేది. ఆయన రేపు కొండ దిగుతారు.

ఆయన్ని పిలవాలా?… ఇప్పుడు రారండి. చేతులు బాగోలేవు.

ఏటండి?… పోలీసులు బయల్దేరిపోయారా?… అనంతగిరి దాటేసారా?… ఎంతమంది?

ఆరుగురు.

తుపాకులతోనా?

…

అయ్యా, ఒక్క మాటండి. వాళ్ళకి దారిలో ఏదైనా కబురందుతుందా?… అందదా… పండగ ఇంకా మూడు రోజులుందండి. తుపాకీ పట్టుకుని ఊళ్ళోకొస్తే వేటకెళ్ళొచ్చినట్టే లెక్క. ఒక్క పిట్టనైనా కొట్టుకొస్తే బాగుండును.

బెదిరించట్లేదండి. దొరగారికీ నేనిలాగే చెప్పాను, వినలేదు.

ఆపమంటారా? దొరగారు ఊరుకోరండి. ముణిగినోడే తరవాతోణ్ణి ముంచాలట, ఓడలో అదే పద్ధతట. పొద్దుట్నించీ సవరమ్మ పక్కనే ఉన్నారు. ఇక్కణ్ణించి కనబడతన్నారు… మోచేతుల దాకా…

పేడేనండి. కలుపుతున్నారు.

హలో?… హలో?…

పెట్టేసారు.

ఇదిగో, సవరమ్మా! ఆరుగురట. ఇంకో రెండు కడవలు కలపమను దొరగార్ని, బేగి.