మరమ్మతు గది ఖరీదు

ఇప్పుడొచ్చి మన కంపెనీ సూట్‌కేసులకి చక్రాలు ఊడిపోతున్నాయంటే నన్నేం చేయమంటారు బాబాయ్? మరమ్మతు గదికి తాళం వేయించింది మీరు. నా లెక్కల కాగితం చూసే వేయించారా? మీరు చదివింది ఆఖరి వరుస. అదీ సగం.

లెక్కలు నావే, కాదన్లేదు. సరుకు గేట్లోకి వచ్చిన దగ్గర్నుంచి కొన్నవాడి ఇంట్లో పెట్టె విరిగి మళ్లీ మన దగ్గరికి వచ్చేదాకా, ఏ మెట్టు దగ్గర ఎంత ఖర్చవుతోంది, మన బలం ఎక్కడుంది, అన్నీ విడదీశాను. దీన్నే విలువ గొలుసు అంటారంటే నవ్వారు, మెళ్లో వేసుకుంటారా అని. వందలో సరుకుకి యాభై రెండు, కోతకీ కుట్టుకీ ఇరవై ఒకటి, రవాణాకి తొమ్మిది, అమ్మకాలకి పన్నెండు, ఉచిత మరమ్మతుకి ఆరు.

ఆ ఆరు కోసేస్తే మిగులే కదా అని ఎగిరి గంతేశారు. ఆ ఆరులో మీ సొంత అన్నయ్య ఉన్నాడని గుర్తు రాలేదా? పందొమ్మిదేళ్లు ఆ స్టూలు మీదే నడుం విరగ్గొట్టుకున్న మనిషి.

చక్రాలు ఊడవూ మరి? విరిగిన ప్రతి చక్రానికీ, ప్రతి పిడికీ నాన్న చీటీ కట్టి గంపలో వేసేవాడు. ఎన్నాళ్లకి విరిగింది, ఎక్కడ విరిగింది. శనివారం శనివారం ఆ గంప కొనుగోళ్ల బల్ల మీదకి వెళ్లేది. అది చూసే ఏ చక్రం కొనాలో తేల్చుకునేవాళ్లు. మన బలమల్లా అదే. దాన్ని నేను తుక్కు కింద రాశాను. కిలోల లెక్కన.

అలా చూడకండి. తెలీక రాశాననుకుంటున్నారా?

కాగితం మీకిచ్చే ముందురోజు అన్నం తింటూ నాన్నే చెప్పాడు, “ఆ గంప సంగతి కూడా రాయమ్మా” అని. రాస్తే ఆఖర్న ఉన్న మరమ్మతు గడి నుంచి మొదట ఉన్న సరుకు గడికి గీత గీయాలి, లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. సోమవారం పొద్దున్నకల్లా ఇస్తే ఖర్చుల విభాగం నీదేనన్నారు మీరు. ఇచ్చేశాను.

రేపట్నుంచి ఆయన్ని రమ్మనండి. నా కుర్చీ కావాలంటే తీసేసుకోండి.

ఆయనకి ఒక్కటి మాత్రం చెప్పకండి. నేను గంప గురించి రాసినా మీరు ఖాతరు చేయలేదని ఆయన నమ్మకం. రోజూ మిమ్మల్ని తిడుతున్నాడు. పక్కన కూర్చుని నేనూ తిడుతున్నాను.