బల్ల మీది బిళ్ళ

కాంక్రీటుకు చలీ ఉప్పూ పెట్టి పరీక్షించే గది. బల్ల మీద పైపొర రాలిన నమూనా బిళ్ళ ఒకటి. వంతెన పోసిన మేస్త్రీ వచ్చాడు. పరీక్ష చేసేవాడు అతని భార్యకు తమ్ముడు.

“ఇదేనా నా వంతెన బిళ్ళ? అయిపోయింది. కొంప మునిగింది.”

“బావా, ముందు కూర్చో. అది—”

“కూర్చోడమా! చూడు, గజ్జికుక్క ఒళ్ళులా ఎలా ఊడిపోయిందో! ఏం చేశావురా దాన్ని?”

“అన్నిటికీ చేసేదే. మీద ఉప్పునీళ్ళు పోస్తాం. పెట్టెలో పెట్టి గడ్డకట్టిస్తాం. తీసి కరగనిస్తాం. మళ్ళీ పెడతాం.”

“మళ్ళీనా?”

“మళ్ళీ మళ్ళీ.”

“పగవాణ్ణయినా ఇంత ఏడిపించరు. ఉప్పులో ఊరబెట్టడానికి అదేమన్నా నిమ్మకాయా?”

“ఆ కొండల్లో చలికాలం వంతెన మీద పడ్డ మంచు కరగడానికి ఉప్పు చల్లుతారుగా. కాంక్రీటు దానికి తట్టుకోవాలి.”

“తట్టుకోకపోతే?”

“పోసినవాడే పగలగొట్టి మళ్ళీ పోయాలి. వంతెన మొత్తం.”

“మీ అక్క నన్ను బతకనిస్తుందా? ఇప్పటికే చలిలో వసారాలో పడుకోబెడుతోంది.”

“అయితే పరీక్ష నీకూ అవుతోందన్నమాట.”

“నవ్వకు. ఆవిడ మొహం చూసైనా కాస్త ఉప్పు తగ్గించకూడదూ?”

“కూరా, తగ్గించడానికి?”

“సొంత అక్క మొగుణ్ణిరా!”

“అందుకే చెబుతున్నా, విను. ఆ బిళ్ళ—”

“దాని సంగతి నాకు చెప్పకు! పోసినవాణ్ణి, నాకు తెలీదా? కాంక్రీటులో బుడగల మందు పడకపోతే ఇంతే మరి.”

“పడకపోవడమేంటి?”

“తెచ్చాను. తేలేదనకు.”

“తెచ్చి?”

“మావాళ్ళు మూత తీశారు. నురగొచ్చింది. సబ్బనుకున్నారు.”

“అనుకుని?”

“బూట్లు కడుక్కున్నారు.”

“డబ్బా మొత్తమా?”

“తళతళలాడాయనుకో.”

“బావా! నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకి లోపల చోటివ్వడానికే ఆ బుడగలు!”

“బూట్లకేం తెలుసురా అవన్నీ.”

“పోనీ, కలపడమైనా గట్టిగా కలిపావా?”

“గట్టిగా కలిపితే పార కదలట్లేదన్నారు. కాస్త నీళ్ళు చిలకరించా.”

“కాస్తంటే?”

“చెంబెడు.”

“బావా.”

“పెద్ద చెంబు.”

“బావా!”

“సరే, బకెట్టనుకో.”

“మొత్తానికా?”

“ఒక్కో కలుపుకీ. అబ్బ, గొంతెండిపోతోంది. మంచినీళ్ళున్నాయా?”

“ఇదిగో.”

“అమ్మయ్య. ఇప్పుడు చెప్పు. ఎవరి కంటా పడకుండా ఆ బిళ్ళని సంచిలో వేసుకుపోనా?”

“వేసుకుపో. అది నాది.”

“నీదేంటి?”

“చెడ్డ కాంక్రీటు ఎలా రాలుతుందో చూపించడానికి నేనే కావాలని చెడగొట్టి పోసుకున్నా. ఇందాకట్నించీ చెబుదామంటే నోరెత్తనిచ్చావా?”

“మరి… నాది?”

“అదుగో, తొట్లో నానుతోంది. రేపు పెడదామనుకున్నా. నీ బిళ్ళ ఇంకా ఉప్పు తిననే లేదు బావా. నువ్వప్పుడే నీళ్ళు తాగేశావ్.”