పాటలో నా పేరు

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. గుణింతాలు ఇంకా తడబడతాయి, చెయ్యి కూడా నెమ్మదే. భర్త పోయిన ఏడాది, కోటబొమ్మాళిలో నరసమ్మ తన మనవరాలు ఝాన్సీ చేత ఫోనులో ఒక పాత పాట వెతికించింది. అప్పటి మాటలివి.

“ఈడు కాదే. ఈడు మరీ సన్నగున్నాడు.”

“అప్పుడందరూ సన్నగానే ఉండీవోరు మామ్మా. ఏ సీరియలోడో సెప్పు.”

“డాక్టరు వేషం కట్టీవోడు. సీరియల్లో సూదులేసీవోడు, పాటలో గిటారట్టుకుని ఎగిరీవోడు. తెల్ల బూట్లు. ఎనకాల పొగ.”

“పొగ అన్నిట్లోనూ ఉంది. ఇదిగో, ఇతనా?”

“ఆగాగు! ఈడే! ఆ కదలని ఎర్రకారు సూడు!”

“నవ్వొస్తంది మామ్మా. గిటారుకి వైరే లేదు.”

“నవ్వకు. మిల్లోళ్ల టీవీ ముందు ఊరంతా నోరెళ్లబెట్టి సూసింది. మీ తాత తప్ప.”

“ఏం, తాతకి నచ్చలేదా?”

“మేడ మీద ఏంటెనా పట్టుకుని నిలబడీవోడు. ఒగ్గేస్తే బొమ్మ పోతాది. బొమ్మ నాకు, పాట ఆయనకి. పైనుంచి అరిసీవోడు, ‘ఒసే నరసా, డాక్టరు నీ పేరెట్టి పిలుస్తన్నాడే!’ అని.”

“హిందీ పాటలో నీ పేరా!”

“ఉన్నాది. నానూ విన్నాను. ఆనాటి నుంచీ అదే రాగం తీసి పిలిసీవోడు. మిగతా అందరికీ నాను అత్తని, మామ్మని. ఆ పిలుపు ఇంకెవరి నోటా రాదే. సౌండు పెంచు, ఒక్కసారి వింతాను.”

“పెంచాను.”

“అదిగో! పిలిసాడు! విన్నావా?”

“ఊఁ.”

“ఊఁ ఏటే?”

“ఏం లేదు. బాగుంది పాట.”

“ఝాన్సీ, హాస్టల్లో హిందీ సదివినావు కదా. సెప్పు.”

“ఎందుకు మామ్మా, విను నువ్వు.”

“సెప్పమన్నాను.”

“అది నరసా కాదు, తరసా. నీ పేరు... అందులో లేదు మామ్మా.”

“లేదా?”

“లేదు.”

“మేడ మీద గాలికి సరిగ్గా ఇనపడి ఉండదు పాపం ఆయనకి... తరసా అంటే ఏటి?”

“ఒగ్గీ మామ్మా.”

“సెప్పే.”

“దగ్గర లేని మనిషి కోసం అలమటించిపోయాను, అని.”

“మళ్లీ పెట్టు.”

“వద్దు, ఏడుస్తన్నావు.”

“పెట్టే. మీ తాత పోయినకాడి నుంచీ అదే కదే నా పేరు.”

— లక్ష్మీనరసమ్మ, అరవై ఎనిమిదేళ్లు. పైన రాసిన నరసమ్మని నేనే. ఇప్పుడు ఉంటున్నది గరివిడిలో.