కురుమూర్తి లేని హార్మోనియం

వనపర్తిలో వసంత సంగీతోత్సవం, రెండో రోజు పొద్దున. ముందు వరసలో ఇద్దరు: వీధినాటకాల్లో రాజు వేషం కట్టే కురుమూర్తి, ముప్పై ఏళ్లుగా అతని పద్యాలకు హార్మోనియం వాయించిన మహమూద్ భార్య తాజ్‌బీ. వేదిక మీద మహమూద్, పట్నం నుంచి వచ్చిన గాయని శ్రుతి పక్కన.

"అరగంటసంది ఆ... ఆ... అంటుంది గానీ మాటల్లకు దిగుతలేదేంది చెల్లె ఈ పిల్ల?"

"అది ఆలాపన అన్నా. జర సప్పుడు జెయ్యకు."

"మన నాటకంల గింతసేపు ఆలాపన తీస్తే జనం చాపలు సుట్టుకొని ఇంటికి వోతరు."

"ఇది నాటకం గాదు. ఆఁ, ఇగో, దిగింది పాటలకు. తాళం వెయ్యి."

"అరే, ఇది మన భజనల పాడే కీర్తననే గద! నాకు నోటికొచ్చు."

"ఎరికే. అందుకే నిన్ను పిలిచిన. ఆమె ఎంబడి నువ్వు గూడ మెల్లగ పాడు."

"నేనా? నన్నిడిసి పట్నపోళ్ల పక్కకు పోయి కూసున్నోని కోసం నేను పాడాల్నా?"

"వాళ్ల హార్మోనియం ఆయనకు జరమొచ్చిందంట. ఇంటికొచ్చి బతిమాలిన్రు. అన్నా, ఇయ్యాల నవ్వులపాలైతే జిందగీల మళ్ల హార్మోనియం పెట్టె ముట్టనన్నడు మా ఆయన. నిద్ర గూడ పోలే."

"ముట్టకుంటే ముట్టకపాయె! మానవపాడు నాటకంల నన్ను నవ్వులపాలు జెయ్యలే? కిరీటం జారుతుందని మొఖం అటు దిప్పి సదురుకుంటున్న. పద్యం నడుస్తనే ఉన్నది. టక్కున పెట్టె ఆపిండు! గంత మందిల! రాజును గాదు, రాజు బంట్రోతు లెక్క నిలవడ్డ."

"అది ఇప్పుడెందుకు..."

"సూడు, సూడు! గిప్పుడు గూడ ఆపిండు! పిల్ల పాడుతుంటనే ఆపిండు!"

"నువ్వు మాట్లాడకు అన్నా!"

"నేను మాట్లాడితే ఆయనకేమాయె? నా గొణుగుడు ఆడిదాంక ఇనవడ్తదా?"

"ఇనవడదు. అయినా నోరు ముయ్యి. కాదు కాదు, ముయ్యకు. పాడు."

"ముయ్యాల్నా తెరవాల్నా, ఒక్కటి జెప్పు."

"తెరువు. పెద్దగ తెరువు. పాడు."

"సరే తియ్యి... ఊఁ... ఆఁ... ఇగో, అందుకున్నడు! గా పలుకు జూడు చెల్లె. పెట్టె మీద గా ఏళ్లు జూడు. పట్నంల దొరుకుతడా గిసోంటోడు?"

"మాట్లాడకు! మళ్ల తప్పిండు."

"దగ్గొచ్చింది, నేనేం జెయ్యాలె? నేను దగ్గితే ఆయనెందుకు తప్పాలె? ఓ, పిల్ల ఆయన దిక్కు మర్రి సూస్తుంది. ఆళ్ల ఎనక గిటార్ వాయించే పోరగాళ్లు నవ్వుతున్రు. మోకాళ్లకాడ సినిగిన పాంట్లేసుకొని, మావోని మీద నవ్వుడా!"

"ఇప్పుడు మావోడాయెనా?"

"తిడితే నేను తిట్టాలె. నవ్వనీకె ఆళ్లెవరు?"

"అట్లయితే పాడు అన్నా. నీ కాళ్లు మొక్కుత."

"పాడ గాని, ఒక మాట. మానవపాడు నాటకం అయినకాంచి పోన్ జేస్తున్న. ఎత్తడు. మొన్న బజార్ల ఎనకకెళ్లి గొంతు సించుకొని పిలిచిన. తిరిగి సూడలే. గంత పొగరా? ఇయ్యాల జూడు, నా మొఖం మీదికెళ్లి కన్ను తీస్తలేడు. నన్ను ఏడిపియ్యనీకే."

"ఏడిపియ్యనీకె గాదు."

"మరెందుకు? పక్కన బంగారమసోంటి పిల్ల పాడుతుంటే నా ముసలి మూతి ఏం సూస్తుండు చెల్లె?"

"ఎవ్వరికీ చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడన్నా."

"ఏం చెప్పొద్దని? ఏడుస్తున్నవేంది? ఏమాయె మావోనికి?"

"రెండు చెవులు వోయినయి. ఏడాదాయె. నీ నోరు జూసి వాయిస్తుండన్నా, ఆపకు."