ఎలుగుబంటి చింపిన అంగీ

వేషాల పోటీకి బయల్దేరబోతూ, సోఫా మీద మడత నలగకుండా ఉన్న తన అంగీని చూసి కూతురు కొయ్యబారిపోయింది. తల్లి ఇస్త్రీపెట్టె వైరు చుడుతోంది.

“అమ్మా! ఏం చేశావు దీన్ని?”

“ఉతికాను. ఎంత మురికి వదిలిందనుకున్నావు!”

“అది మురికి కాదమ్మా! టీ డికాషన్‌లో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, కష్టపడి పాతది చేశాను!”

“కొత్త బట్టనా? మతి గానీ పోయిందా?”

“నాది అడవులు కాచే వీరుడి వేషం! చెట్ల కింద పడుకునేవాడు! అయ్యో, బూట్లకి బురదేది?”

“పాలిష్ చేశాగా.”

“దేవుడా! వీపుసంచిలో నాచు, ఎండుటాకులు?”

“ఆ చెత్తా? పారేశా. మంచినీళ్లు, తువ్వాలు, తలనొప్పి మాత్రలు పెట్టా.”

“భుజం మీద చిరుగు... కుట్టేశావా? ఎలుగుబంటి పంజా విసిరినట్టు కావాలనే చింపానమ్మా!”

“అదే రంగు దారం కోసం ఇల్లంతా వెతికా. కుట్టు తెలుస్తోందా?”

“జడ్జీలు ప్రతి చిరుగుకీ కథ అడుగుతారే! అడవిలో ఒంటరిగా తిరిగేవాడికి ఎవరు కుట్టిపెట్టారని చెప్పను?”

“ఏం, వాడికి అమ్మ లేదా?”