హద్దురాయికి నాలుగడుగులు

నరసరావుపేట అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీ. సర్వే పాఠం చెప్పే సాల్మన్ రాజు గది. బల్లకు ఇవతల మూడో సంవత్సరం సివిల్ చదివే హిమజ నిలబడి ఉంది.

“గాలంటావు.”

“గాలే సార్. మధ్యాహ్నం గాలి లేచింది. రాయి మీద పెట్టిన కర్ర ఊగింది.”

“ఎంత ఊగింది?”

“కొంచెం సార్.”

“కొంచెం ఊగితే వేలెడు తేడా వస్తది. నీకు నాలుగడుగులు వచ్చింది. పొద్దున మీ చేను మూల నుంచి హద్దురాయి దాకా ఒక కొలత. అన్నాలు తిన్నాక అదే మూల, అదే రాయి, నాలుగడుగులు తక్కువ. కర్ర నాలుగడుగులు ఊగాలంటే గాలి చాలదమ్మా, తుపాను రావాలి. ఆ రోజు బాపట్లలో కూడా రాలేదు.”

“ఎండ అయ్యుండొచ్చు సార్. ఎండకి కొలిచే మిషను వేడెక్కి...”

“మిగతా మూడు మూలలూ ఎందుకు సరిపోయినయ్ మరి? ఒక్క రాయి మీదే ఎండ కాసిందా?”

“అక్కడ చెట్టు లేదు సార్.”

“కూర్చో ముందు. నిలబడితే నీకు అబద్ధాలు తొందరగా తడుతున్నయ్.”

“అబద్ధాలు కాదు సార్, కారణాలు.”

“నేనడిగింది ఒక్క కారణం. చూడు హిమజా, ఇదివరకైతే ఏంది, ఒక కొలత తప్పిందని పాతికకి పద్దెనిమిది వేసి పంపేవాణ్ణి. నువ్వూ మర్చిపోయేదానివి, నేనూ మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు మార్కుల్లేవు. ‘సొంతంగా భూమిని కొలవగలదు. తేడా వస్తే కారణం కనిపెట్టి, ఆధారంతో చెప్పగలదు.’ ఇదీ ఈ కోర్సు ఫలితం. దానికెదురుగా రెండే గళ్ళు. వచ్చు. ఇంకా రాదు. మధ్యలో పద్దెనిమిది లేదు.”

“పోనీ పదిహేడు ఉందా సార్?”

“నవ్వించి దాటెయ్యాలని చూడమాక.”

“తెలుసు సార్. మొదటి క్లాసులోనే అన్నారు మీరు. ఇకనుంచి నేనేం చెప్పానని ఎవరూ అడగరు, మీకేం వచ్చిందని అడుగుతారు అని.”

“అడుగుతున్నారు మరి. రేపు పొద్దున దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి పేర్లు పంపాలి. క్వారీలో సర్వే ట్రైనింగు, ఎండాకాలమంతా. ‘వచ్చు’ అన్నోళ్ళ పేర్లే పంపమన్నారు. నీ పేరు రాద్దామని కలం తీశాను, నాలుగడుగులు అడ్డమొచ్చినయ్. నీకు కావాలా వద్దా ఆ ట్రైనింగు?”

“కావాలి సార్. రోజూ ఆ క్వారీ ముందు నుంచే వస్తాను బస్సులో. ఆ గట్టు మీద మిషను పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని ఇంతవరకు చూళ్ళేదు. నేను నిలబడితే బస్సులోవాళ్ళు చూస్తారు గదా అని... కావాలి సార్.”

“అయితే చెప్పు. మిషను తప్పా, నువ్వు తప్పు చూశావా?”

“రెండూ కాదు సార్. రెండు కొలతలూ కరెక్టే.”

“అదే రాయి?”

“అదే రాయి.”

“అదే రాయికి రెండు కొలతలు ఎట్టా కరెక్టవుతయ్ తల్లీ? రాయికి కాళ్ళొచ్చినయ్యా?”

“కాళ్ళు కాదు సార్. గడ్డపార వచ్చింది.”

“ఏందీ?”

“మేం అన్నాలకి పోయినప్పుడు ఎవరో పెకలించి, జరిపి పాతారు సార్.”

“ఎవరో అంటే?”

“తెలీదు సార్.”

“గడ్డపార తెలిసింది, పట్టుకున్న చెయ్యి తెలీలేదా?”

“...మా తాత సార్. యల్లమంద.”

“మీ తాతే? మీ చేలో రాయి, మీ తాతే జరిపాడా? నీకు కొలవడానికి వేరే చేను దొరకలేదా ఏంది?”

“మీరే అన్నారు గదా సార్, ఎవరి ఊళ్ళో వాళ్ళు కొలవండి, తెలిసిన నేల మీదైతే వచ్చిందీ రానిదీ తేలిగ్గా బయటపడుతుందని.”

“అన్నానా?”

“అన్నారు సార్.”

“అన్నాను. సరే. జరిపింది ఆయనేనని ఎట్టా అనుకున్నావు? చూశావా?”

“చూళ్ళేదు సార్. అన్నాలకి తాత రాలేదు. పన్నెండు దాటితే ఆకలికి ఆగే మనిషి కాదు. నాయనమ్మ గోంగూర పచ్చడి నూరి, బువ్వలో పప్పు కలిపి మా బ్యాచ్ అందరికీ వడ్డించింది, ఆయన పళ్ళెం ఖాళీగానే ఉంది. తిరిగి చేలోకి వస్తే నేలంతా ఎండి బీటలిచ్చి ఉంది, రాయి చుట్టూ మాత్రం లోపలి మట్టి నల్లగా పైకొచ్చి ఉంది. పొద్దున రాయికి మా వైపున్న మిరప సాలు ఒకటి, మధ్యాహ్నానికి అటువైపుంది.”

“అది చూసి కూడా కొలిచావా?”

“ఉన్నది కొలవాలి గదా సార్.”

“ఇదీ ఆధారమంటే. ఇంత పెట్టుకుని ఇంతసేపూ నాకు గాలీ ఎండా చెబుతావా? ఆగు, ఒకటి అర్థం కాలా. మీ కొలత తగ్గిందంటే రాయి మీ చేలోకి జరిగిందన్నమాట. మీ తాత మీ నేల తగ్గించుకున్నాడా? లోకంలో ఎవడైనా అటు జరుపుతాడు గాని ఇటు జరుపుతాడా?”

“అటు జరిపింది అంతకుముందు సార్. నేను పుట్టకముందు.”

“చెప్పు చెప్పు.”

“అటుపక్క చేను నూర్ మొహమ్మద్ తాతది. ఒకసారి పెద్ద వానకి గట్టు కొట్టుకుపోయి రాయి పడిపోయిందంట. అంతకు రెండ్రోజుల ముందే నీళ్ళ వంతు కాడ ఇద్దరికీ మాటామాటా అయింది. ఆ కోపం మీద మా తాత ఒక్కడే పోయి, రాయిని అటు నాలుగడుగులు నెట్టి పాతాడంట. నూర్ మొహమ్మద్ తాత పెద్దమనుషుల్ని పిలిపించాడు. మా తాత, రాయి ఎక్కడుందో అక్కడే పాతానని నిలబడ్డాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు సార్. గట్టు మీద ఎదురైతే ఇద్దరూ వానొస్తదేమోనని పైకి చూసుకుంటా పోతారు, ఎండాకాలంలో కూడా.”

“ఆడోళ్ళు?”

“మా నాయనమ్మా, వాళ్ళింట్లో ఖాతూన్ బీ నాయనమ్మా మాత్రం దొడ్డిగోడ మీద కూరలు ఇచ్చిపుచ్చుకుంటానే ఉన్నారు. ఆ గోడ కాడ రాయి లేదు గదా సార్.”

“ఇన్నేళ్ళూ లేని బుద్ధి మీ తాతకి ఆ పూట ఎందుకు పుట్టింది?”

“మన జాకెట్ల వల్ల సార్.”

“జాకెట్లా?”

“కాలేజీ వాళ్ళిచ్చిన పచ్చ జాకెట్లు, టోపీలు వేసుకుని ఆటో దిగాం గదా. మూడు కాళ్ళ స్టాండు మీద మిషను నిలబెట్టేసరికి ఊరంతా గట్ల మీదకొచ్చింది. భూములన్నీ మళ్ళీ కొలిచే రీసర్వే వచ్చిందన్నారు. కాదు, మా ప్రాక్టికల్స్ అన్నాను. నమ్మలా. గవర్నమెంటోళ్ళు చెప్పి కొలుస్తారా, ముందు చెబితే రాళ్ళు సర్దుకుంటామని పిల్లల్ని పెట్టి గుట్టుగా కొలిపిస్తున్నారు అన్నారు. నేను కాదన్నకొద్దీ గట్టిగా నమ్మారు. మధ్యాహ్నానికి ఊళ్ళో ఒక్క గడ్డపార కూడా ఇంట్లో లేదు సార్.”

“అంటే మీ తాత గవర్నమెంటుకి జడిశాడు.”

“నేనూ అట్టాగే అనుకున్నా. ఇంటికెళ్ళి నాయనమ్మని అడిగితే, ఆయన ఎవరికీ జడవలేదే అంది. గడ్డపార తీసుకుపోతూ ఆమెతో ఒక మాట అన్నాడంట.”

“ఏమని?”

“‘కొలిచేది మన పిల్ల. ఉన్నది రాస్తే తాత దొంగని రాయాలి. రాయకపోతే అది దొంగవుద్ది. రాయి మొయ్యడమే తేలిక.’”

“రాయి మొయ్యడమే తేలికన్నాడు.”

“సార్?”

“ఏం లేదు. చెప్పు. నూర్ మొహమ్మద్ చూసుకున్నాడా?”

“తెల్లారి చూసుకున్నాడు. చూసుకుని మా ఇంటికొచ్చాడు. మా గుమ్మం తొక్కడం నేను పుట్టాక అదే మొదలు. లోపలికి రాలా. వాకిట్లో నిలబడి, ‘యల్లమందా, నీ మిరప సాలు ఒకటి నా చేలోకొచ్చింది, కోసుకుపో’ అన్నాడు. తాత బయటికి రాకుండానే, ‘నీ నేలలో ఉన్నది నీది, నువ్వే కోసుకో’ అన్నాడు. నాటింది నువ్వంటే, నేల నీదని. మందు కొట్టింది నువ్వంటే, మందు తాగింది నీ నేలని. మళ్ళీ తగాదా సార్. వీధంతా చేరింది. ఈసారి ఇద్దరూ నీదంటే నీదని.”

“పల్నాడులో ఇట్టాంటి తగాదా నేనెప్పుడూ వినలా. ఎట్టా తేలింది?”

“తేల్లేదు. నాయనమ్మ టీ ఇస్తే అరుగు మీద కూర్చుని, టీ తాగుతా కూడా వాదించుకున్నారు. చివరికి ఆదివారం ఇద్దరూ కలిసి కోశారు. మేం గోతాలు పట్టుకుని వెనకాల తిరిగాం. కాయలు సగం సగం పంచాక, ఎవరి సగం పెద్దదని మళ్ళీ మొదలుపెట్టారు. ఈ ఏడు మా బోరు ఎండిపోయింది గదా సార్, పోయేటప్పుడు ఆయన తన బోరు పైపు మా చేలోకి తిప్పి పోయాడు. తాత వద్దనలా. పార తెచ్చి సాళ్ళకి నీళ్ళు మళ్ళించాడు.”

“శెభాషమ్మా. కారణం కనిపెట్టావు, ఆధారం చూపించావు. ఇంకో సంగతి చెప్పనా? వచ్చే నెల కాలేజీని తనిఖీ చేసేవాళ్ళొస్తున్నారు. ఈ చదువు వల్ల ఊరికేం ఒరిగిందని వాళ్ళ కాగితంలో ఒక గడి ఉంటది. ఏటా ఏం రాయాలో తోచక మొక్కలు నాటామని రాస్తన్నాం. మేం రాసిన మొక్కలన్నీ బతికుంటే నరసరావుపేట ఈపాటికి అడవయ్యేది. ఈ ఏడు మీ రాయి రాస్తా.”

“అయితే ‘వచ్చు’ గడిలో టిక్కు కొడతారా సార్?”

“కొట్టడమే. ఒక్క పని మిగిలింది. పొద్దున ఉన్నచోటు, మధ్యాహ్నం ఉన్నచోటు, రెంటిలో ఏది సరైనదో రెవెన్యూ పటంతో పోల్చి రాయాలి. మీ సర్వే నంబరు పటం కంప్యూటర్లో ఉంది.”

“దానికి పటమెందుకు సార్? మధ్యాహ్నందే సరైనది. తాతే ఒప్పుకున్నాడు గదా.”

“ఒప్పుకోలు ఆధారం కాదమ్మా. ఇదిగో, నీ మూడు మూలలూ పటం మీద సరిగ్గా కూర్చున్నయ్. ఇక రాయి... ఆగు.”

“ఏం సార్?”

“ఆగమన్నానా. నీ పొద్దున కొలత ఇంకోసారి చదువు.”

“నూటా డెబ్భై రెండు అడుగులు సార్.”

“పటంలోనూ అంతే ఉంది.”

“మధ్యాహ్నందా?”

“పొద్దునది.”

“అంటే?”

“అంటే మీ తాత వానలో రాయి పాతాడే, అదీ సరైన చోటు. అంతకుముందే ఎవరి తాతో, ఏ ఎడ్ల నాగలో దాన్ని మీ చేలోకి నెట్టి ఉంటది. అది తెలీక ఈయన దొంగతనం చేద్దామని జరిపి, పోయి పోయి న్యాయం మీద పాతాడు. ఇన్నేళ్ళూ దొంగననుకుని తిరిగి, ఇప్పుడు తన నేలే నాలుగడుగులు ఎదుటోడికిచ్చి వచ్చాడు.”

“పటం తప్పయ్యుండొచ్చు సార్.”

“మిగతా మూడు మూలలూ సరిపోయినయ్ గదా.”

“మరి... గాలికి...”

“పటానికి గాలి తగలదు. అయినా నీ మొహం అట్టా పెట్టావేంది? మంచిదే గదా. మీ తాత దొంగ కాదని మిషనే చెప్పింది. నేల మీకొస్తది.”

“ఆయన చేతులకి తెలుసు గదా సార్, ఆ రోజు ఎందుకు జరిపినయ్యో.”

“అది సర్వేలోకి రాదమ్మా.”

“నూర్ మొహమ్మద్ తాత పైపు తిప్పింది?”

“అదీ రాదు. పొద్దున కొలత, మధ్యాహ్నం కొలత, కారణం, పటం. నాలుగు ముక్కలు రాసివ్వు, చాలు. రెండు కాపీలు. ఒకటి నాకు, ఒకటి మీ గ్రామ సచివాలయానికి.”

“సచివాలయానికెందుకు సార్?”

“‘వచ్చు’ అన్నోళ్ళ కొలత, కొలిచిన ఊరికి ఇవ్వాలి. అదీ ఈ కొత్త పద్ధతిలో భాగమే. వాళ్ళు మీ తాతనీ ఆయన్నీ పిలిచి చదివి వినిపిస్తారు.”

“అప్పుడు రాయి మళ్ళీ వెనక్కి పోద్దా?”

“పోద్ది.”

“ఇన్నేళ్ళూ నూర్ మొహమ్మద్ తాత పోట్లాడిందంతా తప్పని తేలుద్దా?”

“తేలుద్ది.”

“ఆ నాలుగో ముక్క లేకుండా రాయొచ్చా సార్?”

“రాస్తే కారణం సగమే చెప్పినట్టు. సగానికి గడి లేదు, ముందే చెప్పా. తొందరగా రాయి తల్లీ, పొద్దున్నే పేర్లు పోవాలి. నేను టిక్కు కొట్టేస్తున్నా.”

“కొట్టారా సార్?”

“కలం మూత తీశా.”

“మూత పెట్టెయ్యండి సార్. క్వారీ వచ్చే ఎండాకాలానికి కూడా అక్కడే ఉంటది గదా.”

“ఏందమ్మా నువ్వనేది?”

“నాకు సర్వే ఇంకా రాదని రాసుకోండి సార్. వచ్చే సెమిస్టర్లో మళ్ళీ కొలుస్తా, ఇంకో ఊళ్ళో.”