మావగారి పనిబల్ల మీదికో చాకు

వెల్డింగ్ షాపతన్ని మా వీధిలో అందరూ అల్లుడనే పిలుస్తారు. అతను టీ కొట్టు బల్ల మీద కాళ్ళు మడిచి కూర్చున్నాడంటే మా టీలు చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం అతని మావగారు, పుస్తకాలు బైండింగు చేసే పెద్దాయన, ఎదురుగా ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అల్లుడికి పని తక్కువ, మాటలెక్కువ అని ఆయన ఎవరితోనో అన్నాడట. ఆ మాట ఇతని మనసులో ముల్లులా దిగబడి ఉంది.

"ఇదిగో చూడండి, జపాన్ పద్ధతి చాకు," అని గుడ్డ మడత విప్పాడు. "వేలెడంత. ఒక పక్క చదును, రెండో పక్క వాలు, పదునంతా ఆ వాలులోనే ఉంటుంది. విరిగిన లారీ కమాను పట్టీలోంచి ముక్క కోసి, బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచాను. అంతే. గొప్పలు చెప్పుకునే మనిషిని కాదని మీకు తెలుసుగా."

"తెలియకేం," అన్నాడు టీ కొట్టాయన, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సానరాయి ముందు కూర్చున్నానా, మా ఆవిడ అన్నానికి పిలిచినా లేవలేదు. పదును చూద్దామని కాగితం తీశా. చాకు ఇంకా తగల్లేదు, కాగితం భయపడి రెండైపోయింది. వెంట్రుక పెడితే నిలువునా మూడు పాయలుగా చీలింది, మా ఆవిడ జడ కూడా అల్లేసింది."

"ఒక్క వెంట్రుకకా?" అన్నాడు టైలరు.

"మరీ పెద్ద జడ కాదులే. ఇంతలో చాకు చెయ్యి జారింది. బల్లలోంచి, గచ్చులోంచి దూసుకుపోయి కింది వాటావాళ్ళ వంటింట్లో పడి, బుట్టెడు ఉల్లిపాయలు తరిగాక గానీ ఆగలేదు. ఒక్కరికీ కంట నీరు రాలేదు. తెగినట్టు ఉల్లిపాయకి తెలిస్తేగా!"

"మరి గచ్చుకి చిల్లేదీ?"

"అంత సన్నగా కోస్తే చిల్లెందుకుంటుందండీ, అతుక్కుపోయింది. అంతెందుకు, కిటికీలోంచి పడే ఎండలో ఒక ముక్క కోసి డబ్బాలో దాచా, కరెంటు పోతే పనికొస్తుందని."

మేం పడీ పడీ నవ్వాం. అతను మాత్రం మావగారినే చూస్తున్నాడు. "ఇది మీ పనిబల్ల మీద పెట్టుకుంటే చాలు మావయ్యా, నాకింకేం వద్దు," అన్నాడు. ఆ ఒక్క మాటలో అతిశయం లేదు.

పెద్దాయన గ్లాసు దించి, సంచీలోంచి అట్టముక్క, ఇనప స్కేలు తీశాడు. స్కేలు ఆనించి కోశాడు. అట్ట అనాయాసంగా తెగింది గానీ, చాకు స్కేలు మీదికి ఎక్కుతూ గీత వంకరపోయింది.

"పదును బ్రహ్మాండంగా ఉంది అల్లుడూ," అన్నాడు ఆయన. "ఇంత పదును నా బల్ల మీద ఎప్పుడూ లేదు. కానీ వాలు కుడిచేతివాడికి పెట్టావు, ఎడమచేత్తో పట్టుకుంటే చదును పక్క స్కేలుకి ఆనదు. నీ చాకు ఎండను కోసింది, బాగానే ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచి రోజూ నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నావే, నేను గ్లాసు ఏ చేత్తో పట్టుకుంటానో ఒక్కసారైనా చూశావా?"

అల్లుడికి నోట మాట రాలేదు. మేం అది చూడటం అదే మొదలు.

పెద్దాయన చాకును గుడ్డలో చుట్టి తన జేబులోనే పెట్టుకున్నాడు. "ఇది నా దగ్గరుండనీ. నా చేతికి సరిపడేది ఇంకొకటి చెయ్యి."

అల్లుడి మొహం వెలిగిపోయింది. "చేస్తా మావయ్యా! అప్పుడేమవుతుందో తెలుసా..."

"ముందు చేసి తీసుకురా," అని మావగారు ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు. "ఏమైందో నేను చెప్తాను."